ఆపమని చెప్పడం మరిచిన పాఠం

మొన్న మా మనవరాలి ఏడో తరగతి కంప్యూటరు పుస్తకంలో, ఒకే పనిని షరతు తీరేదాకా మళ్లీ మళ్లీ చేయించడం గురించిన పాఠం కనబడితే సగం చదివి మూసేశాను. ఆ పాఠం నేనూ ఒకప్పుడు చెప్పాను, కాస్త ఎక్కువగానే చెప్పాను.

విమానాశ్రయం తెరిచిన కొత్తలో శంషాబాద్ దగ్గరి ఒక సర్కారు బడిలో పనిచేసేవాణ్ణి. మన తరం పంతుళ్లకు తెలిసిందే, కంప్యూటర్లు హెడ్మాస్టరు గదిలో తాళం వెనుక ఎవరూ ముట్టుకోక కొత్తగానే ఉండేవి. కనుక పిల్లలనే కంప్యూటర్లనుకోమని ఆట పెట్టాను: విమానం చప్పుడు వినబడితే లేచి నిలబడాలి, అది పోయాక కూర్చోవాలి, నేను ఆపమనేదాకా ఇదే పని. ఇంతలో శనివారపు చివరి గంట కొట్టారు. నాకు బస్సు ముఖ్యమైంది, ఆపమనకుండానే బయటపడ్డాను. పిల్లలంతా ఆట మరిచి ఇళ్లకు పరుగెత్తారు, ఒక్కరు తప్ప.

సోమవారం పక్క ఊరు సాతంరాయి నుంచి ఒక విద్యార్థిని తల్లి వచ్చింది. రెండు రోజులుగా పిల్ల అన్నం ముందునుంచి లేస్తోందట, నిద్రలోంచి లేస్తోందట, కాళ్లు వాచాయట. పహాడీ షరీఫ్ దర్గాకు తీసుకుపోయి తావీజు కట్టించినా తగ్గలేదట. ఆవిడ కేకలు వేయలేదు, వేస్తే బాగుండేది. "మా పిల్లకు ఏం నేర్పినవ్ సారూ?" అని మాత్రం అడిగింది. ఆమె వెంట వాళ్ల ఇంటికి నడిచాను.

పిల్ల గడపలో కూర్చుని ఉంది. మేమిద్దరం అరుగు మీద కూర్చున్నాం. ఆకాశంలో ఏమీ లేదు, చప్పుడూ లేదు. పిల్ల ఉన్నట్టుండి లేచి నిలబడింది. కాసేపటికి గాని విమానం రాలేదు.

"చూడు సారూ, అది రాకముందే లేస్తది" అంది తల్లి మెల్లగా.

డిగ్రీ చదివినవాణ్ణి గనుక పిల్ల చెవులు చురుకైనవనుకున్నాను. రెండోసారీ అలాగే జరిగాక అనుకోవడం మానేశాను.

ఆట అయిపోయింది, ఇక ఆపు తల్లీ అన్నాను. పిల్ల నా వైపు చూసి, "గీ మాట శనివారమే అంటే అయిపోతుండె గద సార్" అని, చాప మీద వాలి క్షణంలో నిద్రపోయింది. మరో విమానం ఇంటి పెంకులు అదిరేలా పోయింది, పిల్ల కదల్లేదు. అప్పుడు చూసుకుంటే ఆ తల్లీ నేనూ నిలబడి ఉన్నాం. ఎప్పుడు లేచామో ఇద్దరికీ తెలియదు.

ఆ తర్వాత తరగతిలో ఏ పని చెప్పినా, ముందు ఎప్పుడు ఆపాలో చెప్పి మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ అవసరం ఎవరికుంది? బడుల్లో కంప్యూటర్లు వెలుగుతున్నాయి, పిల్లలు మనం నోరు తెరవకముందే వినడం ఆపేస్తున్నారు. మంచిదే. అయినా ఒక పంతులు మాటను కాళ్లు వాచేదాకా మోసిన పిల్ల ఉండేదని తలచుకుంటే, గర్వపడాలో భయపడాలో ఈ వయసుకూ తేలలేదు.