మూడు పిచ్‌ల దూరం

కొండల్ రావు దూరాన్ని మీటర్లలో చూడడు, పిచ్‌లలో చూస్తాడు. సూర్యాపేట జూనియర్ కాలేజీ గ్రౌండులో ఎండనక వాననక బంతులు వేసిన మనిషి. ఇరవై రెండు గజాల పిచ్ ఆయన కళ్లలో అలా అచ్చుపడిపోయింది. ఇప్పుడుంటున్న ఐర్లండు ఊరు ములింగార్‌లో, సూపర్‌మార్కెట్ దగ్గర కారు ఎక్కడ పెట్టారని భార్య కోటేశ్వరి అడిగితే, గేటు నుంచి రెండు పిచ్‌లు అంటాడు. ఆమెకు క్రికెట్టంటే ఏమిటో తెలియదు. అయినా పదహారేళ్లుగా ఆ కారును వెతికి పట్టుకుంటూనే ఉంది.

ఈ అలవాటు తుపాకీ దగ్గర అక్కరకొస్తుందని ఆయన కూడా అనుకోలేదు. వాళ్ల ఇంటి వెనక కంచె దాటితే ఫింటన్ అనే రైతు బార్లీ పొలం. కుందేళ్లు ఆ పొలం అంచుల్ని గొరిగేస్తుంటే ఆదివారం సాయంత్రాలు ఫింటన్ రైఫిల్ పట్టుకుని బోర్లా పడుకునేవాడు. ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే కొండల్ రావు కిటికీలోంచి చూసీ చూసీ, ఎనిమిదేళ్ల కిందట ఒక ఆదివారం కంచె దాటాడు. రెండేళ్లు తిరిగేసరికి లైసెన్సూ, సొంత రైఫిలూ వచ్చాయి.

పాయింట్ టూ టూ రిమ్‌ఫైర్ అంటారు దాన్ని. చిటికెన వేలి గోరంత గుండు. ఫింటన్ మొదటి రోజే చెప్పాడు, ఇది మైలు దూరం పోగలదు గానీ మైలు దూరంలో సరిగ్గా చంపలేదని. యాభై గజాల దాకా చూసిన చోటే పడుతుంది. అరవై దాటితే వేలెడు కిందికి, వంద గజాలకైతే దాదాపు జానెడు కిందికి జారుతుంది. కుందేలు తలేమో కోడిగుడ్డంత. తలకు తగిలితే దానికి చచ్చిపోయిన సంగతి కూడా తెలియదు. జారిందా, నడుములోనో కాళ్లలోనో దిగుతుంది. అయితే మూడు పిచ్‌లు దాటకూడదన్నమాట అన్నాడు కొండల్ రావు. పిచ్ అంటే ఏమిటో విని ఫింటన్ పడీపడీ నవ్వాడు. ఇంగ్లీషువాళ్ల ఆటతో తన భూమిని కొలవనివ్వనన్నాడు. నవ్వితే నవ్వాడు గానీ, దెబ్బతిన్న దాన్ని వదిలేసి ఇంటికి పోవద్దని మాట తీసుకున్నాడు. ఎనిమిదేళ్లలో ఆ మాట దాటే అవసరమే రాలేదు. మూడు పిచ్‌ల అవతల కనిపించిన కుందేలు బతికిపోయేది, అంతే.

కొట్టినవాటిలో ఒకటి ఇంటికి వచ్చేది. కోటేశ్వరి చెవులపిల్లి కూర వండి ఫింటన్‌కు ఒక డబ్బా పంపేది. ఆయన ఉడకబెట్టిన ఆలుగడ్డలతో తిని, కళ్లలో నీళ్లు తుడుచుకుని, మళ్లీ ఆదివారానికి డబ్బా కడిగి తెచ్చేవాడు.

మార్చిలో ట్రాక్టరు దిగుతూ ఫింటన్ కుప్పకూలాడు. గుండె. కొండల్ రావు పరామర్శకు వచ్చినవాళ్ల వరసలో నిలబడి ఆయన భార్య నోరాతో చేయి కలిపి, ముందువాళ్లు అన్న మాటే తనూ అన్నాడు. నెల తిరగ్గానే చర్చిలో ప్రార్థన పెట్టారు. మన మాసికమే, పేరే వేరు. దానికీ వెళ్లాడు, పెట్టిన శాండ్‌విచ్‌లు తిన్నాడు. ఎక్కడా ఏమీ అనిపించలేదు. పంటి డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో మనిషంతా అలా ఉన్నాడు. పని మాత్రం తప్పు లేకుండా చేసేవాడు. టీ పెడితే చల్లారేది. ఎట్లున్నరు అని కోటేశ్వరి అడిగితే, బాగానే ఉన్నానన్నట్టు, ఇక్కడివాళ్లలాగే, "గ్రాండ్" అనేవాడు. రోజుకు నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ గ్రాండే. ఆ మాట వింటే ఆమెకు ఒళ్లు మండిపోయేది. ఏడ్చినా బాగుండేదని కూతురు ధరణితో అంది. ఆ పిల్ల ఇంగ్లీషులో, ఆయన్ని కాస్త వదిలెయ్యమంది.

మే నెలలో కోటేశ్వరికి ఇంకో దిగులు పట్టుకుంది. లైసెన్స్ మూడేళ్లకోసారి మళ్లీ తీసుకోవాలి, ఈ జూన్‌తో గడువు తీరుతుంది. పొలం గలవాళ్లు కాల్చుకోమని రాసిచ్చిన కాగితం గార్డ్స్‌కు, అంటే ఇక్కడి పోలీసులకు, చూపించాలి. ఆ కాగితం రాకపోతే రైఫిల్ పోతుంది, రైఫిల్ పోతే ఈ మనిషి ఆ కుర్చీలోంచి ఇక లేవడని ఆమె భయం. నోరాను అడగమని వారం రోజులు వెంటపడింది. చివరికి నోరాయే ఫోన్ చేసింది. కుందేళ్లు మళ్లీ పడ్డాయి, ఆదివారం వచ్చి చూడు, కాగితం సంగతి కూడా మాట్లాడదాం అంది.

ఆదివారం ఆరింటికి కొండల్ రావు పాత చోటే పడుకున్నాడు. పక్కన, ఫింటన్ పడుకునే చోట, గడ్డి నిటారుగా లేచి ఉంది. దగ్గర్లో ఒక్క కుందేలూ లేదు. దూరంగా, గట్టు మీది యాష్ చెట్టు కింద ఒకటి మేస్తోంది. నాలుగున్నర పిచ్‌లు. చూడగానే తెలిసింది. తెలిసే పేల్చాడు. కోపం లేదు, ఆశ లేదు. పేలిస్తే లోపల ఏమైనా కదులుతుందేమో అనుకున్నాడేమో, అది కూడా గట్టిగా చెప్పలేడు.

కుందేలు పసిపిల్లలా అరిచింది. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ బొరియలోకి పోయింది.

ఆయన పరిగెత్తలేదు, నడిచి వెళ్లాడు. బొరియ ముందు పడుకుని చేయి లోపలికి పెట్టాడు. మోచేతి దాకా మట్టి, వేర్లు. ఇంటికి పోదామనిపించింది. చూసేవాళ్లు ఎవరూ లేరు. ఇంకా జరిగి భుజం దాకా పెట్టాడు. వేళ్లకు వెచ్చగా తగిలింది. అది గబగబా ఊపిరి తీస్తోంది, ఆ ఊపిరి ఆయన అరచేతిలో కొట్టుకుంది. బయటికి లాగి, ఫింటన్ నేర్పినట్టే ఒక్క విసురులో మెడ విరిచాడు. తర్వాత చాలాసేపు దాన్ని కింద పెట్టలేకపోయాడు. తను చేసింది పాపమని అనిపించింది. రెండు నెలల్లో ఆయనకు ఏదైనా అనిపించడం అదే మొదలు.

దాన్ని పట్టుకుని అలాగే నోరా వంటింటి గుమ్మంలోకి వెళ్లాడు. ఆమె అప్పటికే గోడ అలమర తలుపు తీసి, కప్పుల వెనక నుంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. మా ఆయన జనవరిలోనే రాసి పెట్టుకున్నాడు, సంతకమూ చేశాడు, ఇప్పుడది చెల్లదట, కింద నేను చేస్తాను అంది. ఫింటన్ కోడిగీతల రాత. కొండల్ రావు మా భూమిలో ఎప్పుడైనా కుందేళ్లను కాల్చుకోవచ్చు అని రాసి, చివర చేర్చాడు: మూడు పిచ్‌ల లోపల.

కొండల్ రావు రెండుసార్లు చదివాడు. ఆమె పెన్ను తీసింది. సంతకం చెయ్యవద్దన్నాడు.

"నాలుగున్నర నుంచి కాల్చాను," అన్నాడు ఇంగ్లీషులో. "తెలిసే కాల్చాను."

నోరా కుందేలు వంక చూసింది, భుజం దాకా మట్టి అంటిన చేతి వంక చూసింది. పిచ్ అంటే ఎంతో ఆమెకు ఎనిమిదేళ్లుగా తెలుసు. కుర్చీ లాగి, వంగి, భర్త పేరు కింద తన పేరు రాసింది. రాసి, కూర కాస్త కారం తగ్గించి పంపమని నీ భార్యకు చెప్పు అంది.

ఇంటికి వచ్చేసరికి కోటేశ్వరి వెనక గుమ్మంలోనే నిలబడి ఉంది. చొక్కా చూసింది, చేతిలోని కాగితం చూసింది.

"ఎట్లున్నరు?" అంది, అలవాటుగా.

"మంచిగ లేను, కోటీ," అన్నాడు.

ఆమె కుందేలును అందుకుని పక్కన పెట్టి, మట్టి చేతిని పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.