భర్త పేరు గడి

తొంభైల్లో మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో గల్లీకో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. పిండిగిర్నీ పైఅంతస్తులో ఉన్న ఒకదాంట్లో ఏడాది కోర్సు చేసి, ఊళ్ళవాళ్ళకు కంటి ఆపరేషన్ల క్యాంపులు పెట్టే ఒక సంస్థలో చేరాను. ఆఫీసు మొత్తంలో డేటాబేస్ అంటే ఏమిటో తెలిసింది నాకొక్కదానికే. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా చూసుకునేదాన్ని. నా గదిలోకి రావాలంటే పెద్ద సారు కూడా చెప్పులు విప్పాల్సిందే.

చలికాలం క్యాంపుకు మాకు రెండు జాబితాలు వచ్చేవి. మొదటిది కాలేజీ పిల్లలు ఊరూరూ తిరిగి, ఎవరి కంట్లో శుక్లం ముదిరిందో రాసుకొచ్చింది. రెండోది ఆ తర్వాతి వారం నర్సులు వెళ్ళి, షుగరు, బీపీ చూసి రాసుకొచ్చింది. రెండింటిలోనూ ఉండి, షుగరు సరిగ్గా ఉన్నవాళ్ళకే ఆపరేషన్ చీటీ. ఆ రెండు జాబితాలనూ కలిపే క్వెరీ, అంటే కంప్యూటర్‌ను అడిగే ప్రశ్న, రాసింది నేనే. మా రాజురా వైపు ఊళ్ళలో ఒకే పేరున్న ఆడవాళ్ళు వాడకొకరు ఉంటారు. అందుకని పేరు, ఊరు, భర్త పేరు, మూడూ సమానమైతేనే మనిషి ఒకటే అని షరతు పెట్టాను. ఆ షరతు చూసుకుని రెండు రోజులు మురిసిపోయాను.

మా పెద్దమ్మది విరూర్ దగ్గరి పల్లె. అమ్మకు సొంత అక్క. ఆమెకు ఒక కన్ను అప్పటికే పోయింది, రెండోది మసకబారింది. ఆ ఏడు పత్తి ఏరడానికి వెళ్ళి దూదితో పాటు ఎండాకులు కూడా ఒళ్ళో నింపుకొచ్చిందని కోడళ్ళు ఇంట్లో కూర్చోబెట్టారు. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాని పని. ఎవరైనా గడప దాటితే చాలు, ఎక్కడికి, ఎందుకు, నేనూ వస్తా అనేదట. ఆ ఉన్న కన్ను కూడా పోతే పెద్దమ్మ ఏమైపోతుందోనని అమ్మకు బెంగ.

చీటీల జాబితా పంచాయతీ గోడకు అంటించిన మర్నాడే పెద్దబాపు, అంటే పెద్దమ్మ భర్త, ప్యాసింజర్ బండి దిగి ఆఫీసుకొచ్చాడు. చెప్పులు విప్పకుండానే నా గదిలోకి వచ్చాడు.

"ఏందే బిడ్డా, మీ మిషన్ల మీ పెద్దమ్మ లేదట."

"షుగర్ ఎక్కువున్నదేమో పెద్దబాపూ. కంప్యూటర్ తప్పు జేయది."

ఆయన జేబులోంచి నర్సు ఇచ్చిన చీటీ తీసి కీబోర్డు మీద పెట్టాడు. షుగరు భేషుగ్గా ఉంది.

వెతికాను. పెద్దమ్మ మొదటి జాబితాలో ఉంది. రెండో జాబితాలో ఉంది. రెండూ కలిపితే లేదు. భర్త పేరు తేడాగా పడిందేమోనని, ఆ పేర్లు కలవనివాళ్ళను చూపించమన్నాను. అందులోనూ లేదు. కలిసినవాళ్ళలో లేదు, కలవనివాళ్ళలో లేదు. ఉన్న మనిషి అలా ఎక్కడా లేకుండా పోయింది. అప్పుడు గానీ ఆ గడి వైపు చూడలేదు. భర్త పేరు రెండు జాబితాల్లోనూ ఖాళీ. ఆమె ఒక్కతే కాదు, ఆ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళ ఆడవాళ్ళందరిదీ అదే తీరు.

ఎందుకో ఎవరూ చెప్పకుండానే తెలిసింది. రాసుకోవడానికి వెళ్ళినవాళ్ళంతా మరాఠీవాళ్ళు. వాళ్ళ ఇళ్ళలో భర్త పేరు చెప్పాల్సి వస్తే ఆడవాళ్ళు ఉఖాణా కడతారు. రెండు చరణాల ప్రాసలో పేరును ఇరికించి, సిగ్గుపడుతూనే గట్టిగా చెప్పేస్తారు. మా ఆడవాళ్ళకు ఆ సదుపాయం లేదు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షుకు మంచిది కాదని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఆ నవ్వు కాసేపు చూసి కాలేజీ పిల్లలు ముందుకెళ్ళారు, నర్సులూ అంతే.

రెండు ఖాళీలు సమానం కాదా అంటే, కాదు. కోర్సులో చెప్పారు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ ఖాళీని నల్ అంటారు. నల్ అంటే ఏమీ లేదని కాదు, తెలియదని. తెలియని పేరు ఇంకో తెలియని పేరుతో సమానమా అని అడిగితే అవుననీ రాదు, కాదనీ రాదు, తెలియదనే వస్తుంది. వేరువేరా అని అడిగినా అదే జవాబు. క్వెరీ అవునన్నవాళ్ళనే బయటికి పంపుతుంది. అర్థం కాదులే అనుకుంటూనే ఇదంతా పెద్దబాపుకు చెప్పాను.

"మిషిని సక్కగనే చెప్పింది గద," అన్నాడాయన. "ఆమె నా పేరు చెప్పకుంటె మొగడు లేనట్టు గాదు, ఇంకొకడున్నట్టు గాదు. ఎవడో తెల్వదు, గంతే."

రెండు వైపులా ఖాళీ ఉంటే సమానమే అనుకో, అని క్వెరీలో ఒక ముక్క చేర్చాను. పెద్దమ్మ వచ్చింది, కానీ రెండుసార్లు వచ్చింది. వాళ్ళ ఊళ్ళోనే అదే పేరుతో ఇంకొకామె ఉంది. ఆమె గడీ ఖాళీయే. షుగరు ఎక్కువని నర్సు ఆమెను ఈసారికి ఆపింది. ఇప్పుడు మిషన్ ఆమె కంటికి పెద్దమ్మ షుగరు తగిలించి ఆపరేషన్‌కు పొమ్మంటోంది. ఆ ముక్క వెంటనే తీసేశాను. మిషన్ మీద గౌరవం పెరిగింది, నా మీద తగ్గింది.

"పెద్దమ్మ చీటీ ఉన్నది గద, ఆమెను తోల్కరా పెద్దబాపూ," అన్నాను.

"ఒక్కతి రాదు. వాడకట్టు ఆడోళ్ళంత వస్తెనే వస్తదట. మొగోళ్ళ పేర్లు నువ్వే అడిగి సూడు."

నాగపూర్ డాక్టర్లు రావడానికి మూడు రోజులే ఉంది. మర్నాడు పొద్దున్నే జాబితా పట్టుకుని బల్లార్షాలో బండి మారి వెళ్ళాను. పెద్దమ్మ అరుగు మీద ఆడవాళ్ళంతా చేరారు. భర్త పేరు చెప్పమన్నాను. కొంగులు పైకి లేచాయి. బతిమాలాను, కసిరాను కూడా. కొంగులు దిగలేదు. చివరికి విసుగొచ్చి, "మీ ఆయన పేరు చెప్పకుండ్రి. పక్కామె మొగని పేరు చెప్పుండ్రి," అన్నాను.

ఇక ఆపడం నా తరం కాలేదు. పేర్లే కాదు, ఎవరి మొగుడు గురక పెడతాడో, ఎవరి మొగుడు అత్తగారింట్లో అలిగి వచ్చాడో అన్నీ చెప్పేశారు. పెద్దబాపు పేరు చెప్పింది ఆ రెండో ఆమే, పెద్దమ్మ పేరున్నామె. ఇంటిపేరుతో సహా గొంతెత్తి చెప్పింది. పెద్దమ్మ సిగ్గుతో ఆమె తొడ మీద ఒక్కటిచ్చింది. ఆ పూట ఆ అరుగు మీద నవ్వినంత నేను మళ్ళీ ఎక్కడా నవ్వలేదు.

పేర్లన్నీ ఎక్కించి మొదటి క్వెరీనే నడిపాను. అందరూ ఒక్కొక్కసారే వచ్చారు. రెండో ఆమెకు షుగరు తగ్గాక వచ్చే క్యాంపులో చేస్తామన్నారు. మిగతా వాడకట్టంతా ఒకే ట్రాక్టరులో వచ్చి క్యాంపులో దిగింది. కట్టు విప్పాక పెద్దమ్మ మొదట పెద్దబాపు వైపు చూసి, "మీసాలు గింత తెల్లగెప్పుడైనయి," అంది. ఆయన మీసం మీద చెయ్యేసుకుని అటు తిరిగాడు.

ట్రాక్టరు కోసం ఎదురుచూస్తూ నా పక్కన కూర్చుని, ఆమె నెమ్మదిగా అడిగింది.

"నా కాయితం మిషన్ల ఎవ్వలు ఎక్కిచ్చిండ్రే?"

"నేనే పెద్దమ్మా."

"నా పేరు సూసినవా?"

"సూసిన. మా పెద్దమ్మే అని నవ్వుకున్న గూడ."

"మరి మీ పెద్దబాపు పేరు నీకు తెల్వదా?"

తెలుసు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ ఆ ఇంట్లోనే గడిపాను. ఆ పేరు తెలిసి కూడా, ఫారం మీద లేదు కదా అని గడి ఖాళీగా వదిలి కింది గడికి వెళ్ళిపోయాను. సిగ్గేసింది.

"కాయితం మీద లేకుండె పెద్దమ్మా," అన్నాను.

ఆమె కోపగించుకోలేదు. నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"కాయితం మీద లేకుంటె ఏమాయెనే," అంది. "ఆడ నువ్వుంటివి గద."