సారె గంపలో వెళ్ళిన పుస్తకం

మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి అట్ట కట్టిన పాత పుస్తకం తెరిస్తే ఒక వాసన వస్తుంది. కొంచెం చేదు, కొంచెం పులుపు, వాటి వెనకాల ఎక్కడో తడిసిన గోనెసంచి. ఈ ఆషాఢమాసంలో నేను చదివిన అయిదు పుస్తకాల్లో నాలుగు కొత్తవి, వాటికి ఏ వాసనా లేదు. అయిదోది మా మేనత్త మాణిక్యం పెళ్ళయిన ఏడు చదివింది. అరవై ఏళ్ళు దాటినా దాన్ని ఆ వాసన వదలలేదు.

నెల తిరగ్గానే ఆ నెలలో చదివినవాటిని బల్లమీద పేర్చుకుని ఒక్కొక్కదాని గురించి నా అభిప్రాయం తేల్చుకోవడం నా అలవాటు. ఈసారి మొదటిది రాజుల కాలం నాటి నవల. భాష బాగుంది, కోట వర్ణన బాగుంది, కానీ కథానాయిక ఒక కార్తీకంలో నెల తప్పి మరుసటి కార్తీకం వెళ్ళాక ప్రసవించింది. రాసినాయన లెక్క చూసుకోలేదు, అచ్చు వేసినవారూ చూడలేదు. రెండోది యాత్రల పుస్తకం. ఏ ఊళ్ళో చూసినా ఆయనే కనిపించాడు తప్ప ఊరు కనిపించలేదు. మూడోది కథలు. ప్రతి కథ చివరా ఎవరో ఒకరు పోతారు, సగం అయ్యేసరికి పోయేవారెవరో నాకు తెలిసిపోయేది. నాలుగోది ఒకావిడ వంటింటి జ్ఞాపకాలు. అన్నిటిలోకీ అదే నయం, నాలుగుచోట్ల నవ్వొచ్చింది.

అయిదో పుస్తకం గురించి నేను తేల్చవలసిందేమీ లేదు. వెనక అట్ట లోపల, మాణిక్యత్త పెన్సిలుతో చదివిన తేదీ వేసి, కింద తన అభిప్రాయం రాసిపెట్టింది. "బాగుంది. తల్లిని చంపక్కర్లేదు."

మాది పెనుగొండకి దగ్గర్లో కాలవగట్టు మీది ఊరు. ఆషాఢం వచ్చేసరికి కాలవలో గోదావరి ఎర్రనీరు నిండుగా పారుతుండేది. చేలల్లో ఊడ్పులు, మోకాళ్ళదాకా చీరలు ఎగదోపుకున్న ఆడవాళ్ళ పాటలు, ఇంట్లో ఎక్కడ చెయ్యి పెట్టినా చెమ్మ, ఉప్పు నీరయ్యేది, అగ్గిపుల్ల వెలిగేది కాదు. మునగాకు, తెలగపిండి కలిపిన కూర వారానికి రెండుసార్లయినా తినాలని మామ్మ శాసనం. మామ్మంటే మా నాన్న తల్లి. కొత్త పెళ్ళికూతుళ్ళు ఆ నెలంతా పుట్టింట్లోనే ఉండాలి కాబట్టి వీధికి ఒకరిద్దరు పిల్లలు గోరింటాకు పండిన అరచేతులతో అరుగుల మీద కనిపించేవారు. ఆ ఏడు మా ఇంటికి మాణిక్యత్త వచ్చింది. నాకప్పుడు పదో ఏడు.

అత్తని ఇచ్చింది మెట్టకి, జంగారెడ్డిగూడెం అవతల పొగాకు పండించే ఊరికి. పెద్ద కుటుంబం, పెద్ద వాకిలి, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి ఎవరి పని వారిది. అత్తకేమో పుస్తకం లేకపోతే అన్నం సహించేది కాదు. మా నాన్న వారపత్రికల్లో వచ్చే సీరియళ్ళని వారం వారం జాగ్రత్తగా చింపి దాచి, కథ పూర్తికాగానే పెనుగొండలో అట్టలు కట్టే ఆయనకిచ్చి పుస్తకం చేయించేవాడు. అలా చేయించినవి ఒక భోషాణం నిండా ఉండేవి. నా అయిదో పుస్తకం అందులోదే. అత్త వచ్చిన రోజున కాళ్ళు కడుక్కోవడం ఎంతసేపో, ఆ భోషాణం మూత తియ్యడం అంతసేపు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, వసారాలో చూరు నీళ్ళు ధారగా పడుతుంటే, అత్త గోడకి చేరగిలబడి పైకి చదివేది. మామ్మ మినప్పప్పులో రాళ్ళు ఏరుతూనో, చింతపండు గింజలు తీస్తూనో వినేది. అత్త చేతులకి గోరింటాకు ఉన్న రోజున పుస్తకం నా ఒళ్ళో ఉండేది, పేజీలు తిప్పడం నా పని. ఒకసారి నేను కథలో పడి తిప్పడం మర్చిపోతే, అత్త ఆగలేక తనే బొటనవేలితో తిప్పింది. ఆ పేజీ మూల ఎర్రటి వేలిముద్ర పడిపోయింది. "పోనీలే, మనం ఎంతవరకు వచ్చామో గుర్తు," అని నవ్వింది.

మామ్మకి చదువు రాదు. అయినా పుస్తకాల మీద అంత కచ్చితమైన అభిప్రాయాలు చెప్పినవారిని నేను మళ్ళీ చూడలేదు.

"ఏవే, ఆ పిల్ల పొద్దుటనగా ఇంట్లోంచి బయల్దేరింది, దీపాలు పెట్టేవేళైంది. ఏమైనా తిందా?"

"కథల్లో అన్నం తినడం రాయరమ్మా."

"రాయకపోతే ఎలా నమ్మడం? రాసినాయనకి ఆకలెయ్యదేంటి?"

కథానాయకుడు వచ్చాడంటే ఇంకా కష్టం. "మంచోడే గానీ ఒక్క పనీ చెయ్యడే! పొలమా, ఉద్యోగమా? అలా ఉత్తరాలు రాసుకుంటూ కూచుంటే ఎవరు పెడతారే?" అనేది. అత్త పొట్ట చేత్తో పట్టుకుని నవ్వలేక, గోరింటాకు చేతులు రెండూ గాలిలోకెత్తి కిందా మీదా పడి నవ్వేది. ఆ నవ్వుకి వంటింట్లోంచి మా అమ్మ కూడా గరిటె పట్టుకుని వచ్చేది.

ఒకటే కట్టుబాటు, దీపం పెట్టాక కథ చదవకూడదు. సంధ్యవేళ ఏడుపు కథలు చదివితే ఇంటికి మంచిది కాదని మామ్మ నమ్మకం. ఏది ఏడుపు కథో చివరిదాకా చదివితే గానీ తెలియదు కాబట్టి అన్నిటికీ ఒకటే నియమం పెట్టేసింది. దీపం పెట్టగానే, మాట మధ్యలో ఉన్నా పుస్తకం మూయవలసిందే.

ఒకనాడు కథ మధ్యలో అత్త తన సంగతి చెప్పింది. "మా అత్తగారు చెడ్డావిడ కాదమ్మా. నేను మధ్యాహ్నంపూట పుస్తకం తీసి కూచుంటే, వచ్చి నుదుటి మీద చెయ్యేసి చూశారు, ఒంట్లో బాగోలేదా అమ్మా అని. ఆ సాయంత్రం మిరియాల కషాయం ఇచ్చారు. తాగాను. మళ్ళీ పుస్తకం పెట్టెలోంచి తియ్యలేదు."

మామ్మ ముందు నవ్వింది. తరవాత చేటలో ఏరిన పప్పునే మళ్ళీ ఏరింది. ఆ రోజునుంచి చదువు మొదలుపెట్టే వేళ కొంచెం ముందుకు జరిగింది. భోజనాలు తొందరగా వడ్డించేది, గిన్నెలు తనే తీసేది. ఈ నెల దాటితే ఇక ఈ పిల్లకి పుస్తకం లేదని మామ్మకి తెలిసిపోయిందని, నాకు చాలా కాలానికి గాని తెలియలేదు.

నెలాఖరుకి మొదలుపెట్టింది అన్నిటికంటే పెద్ద నవల. అందులో అమ్మాయి అత్తవారింట్లో మాటలు పడలేక, ఒక రేకుపెట్టెతో బయల్దేరి గోదావరి రేవుకి వస్తుంది. ఎగువన మన్యంలో ఒక బళ్ళో ఉద్యోగం ఉంది, లాంచీ ఎక్కితే అక్కడికి చేరుతుంది. ఆమె మెట్ల మీద కూర్చుని ఉంటుంది. లాంచీ కూత వేస్తుంది. అక్కడికి ప్రకరణం అయిపోయింది, దీపం వేళా అయింది. మిగిలింది ఆఖరి ప్రకరణం ఒక్కటే.

"ఎక్కుతుంది," అంది అత్త.

"మొగుడొచ్చి తీసుకెళతాడులే," అంది మా అమ్మ.

మామ్మ వత్తి సవరిస్తోంది. ఎప్పుడూ ముందుగా తీర్పు చెప్పే మనిషి. ఈసారి దీపం గూట్లో పెట్టాక, ఎవరితోనూ కాకుండా, "ఎక్కితే బాగుండును," అంది.

ఆ మర్నాడు చదవడం పడలేదు. శ్రావణం రాగానే సారెతో దిగబెట్టాలి కాబట్టి వీధిలో ఆడవాళ్ళంతా పొద్దున్నే వచ్చేశారు. వాకిట్లో పొయ్యిలు వెలిగాయి, మినుములు వేయించి విసిరి, బెల్లం కలిపి, నెయ్యి మరిగించి పోసి సున్నుండలు చుట్టారు, అరిసెలు వత్తారు, చుట్టుపక్కల పిల్లలందరి జేబులూ జిడ్డయ్యాయి. అత్త చెయ్యి కడుక్కునేసరికి దీపం పెట్టేశారు.

తెల్లవారి గంపలు సర్దుతున్నప్పుడు మామ్మ భోషాణం తీసి, ఆ లాంచీ నవలా, ఇంకో రెండు పుస్తకాలూ తెచ్చి, సున్నుండల గంప అడుగున పరిచింది. అత్త కంగారుపడింది.

"వాళ్ళేమనుకుంటారోనమ్మా."

"సారెలో పెట్టింది ఎవరూ కాదనరే. చీరైనా సారే, చీపురైనా సారే. పుట్టింటి సారెతో వచ్చిందంటే నువ్వు నట్టింట్లో కూచుని చదువుకోవచ్చు. కషాయం ఎవరిస్తారో చూస్తాను."

అత్త ముఖం అప్పుడు ఎలా ఉందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. పెళ్ళినాడు కూడా అలా లేదు. పుస్తకాల మీద అరిటాకులు, ఆకుల మీద సున్నుండలు, పైన మళ్ళీ ఆకులు వేసి మామ్మ గంప మూతి గుడ్డతో కట్టేసింది.

నాన్న, అత్త, నేను బస్సులో వెళ్ళాం. పల్లం పచ్చదనం వెనకబడి, ఎర్రమట్టీ జీడిమామిడి తోటలూ వచ్చేదాకా అత్త గంప మీద చెయ్యి తియ్యలేదు. జంగారెడ్డిగూడెంలో దిగి, అక్కణ్నుంచి ఎడ్లబండి. బండి కుదుపులకి గంపలోంచి ఎండకి కరిగిన నెయ్యి వాసన వచ్చేది. అది నాకు ఆకలి పుట్టించింది తప్ప ఇంకేమీ తోచలేదు.

మాణిక్యత్త అత్తగారు పొడుగ్గా, నిండుగా ఉండే మనిషి. నన్ను చూడగానే దగ్గరకు తీసుకుని బెల్లపచ్చు చేతిలో పెట్టింది. ఇరుగుపొరుగు వచ్చి కూర్చున్నారు. గంప విప్పి సున్నుండలు పళ్ళాల్లోకి తీశారు. బండి కుదుపులకి అరిటాకులు చిరిగిపోయి నెయ్యంతా అడుగుకి దిగింది. పుస్తకాల అట్టలు నాని ఊడి వచ్చాయి, కాగితాలు జిడ్డుతో మెరుస్తున్నాయి. ఆవిడ వాటిని పైకి తీసి అందరికీ చూపించింది.

"చూశారా, వదినగారి ముందుచూపు! పంచిపెట్టుకోవడానికి పొట్లాల కాగితాలు కూడా పంపారండి!"

అందరూ మెచ్చుకున్నారు. అందులో వెటకారం లేదు. సారె అన్నది ఇంట్లో దాచుకునేది కాదు, వచ్చిన పూటే వీధిలో ఇంటింటికీ పంచాలి. పంచడానికి కాగితాలు కావాలి. అడుగున కాగితాలు ఉన్నాయి. ఆ సంగతి అక్కడున్న ఎవరికైనా అలాగే తోస్తుంది. నేను నోరు తెరవబోయాను. అత్త నా మోకాలు గట్టిగా నొక్కింది. కొత్తకోడలు, నలుగురిలో అత్తగారి మాట కాదంటే పుట్టింటికే మాట.

"నీ చేత్తోనే కట్టమ్మా, నీ సారె కదా," అని ఆవిడ ప్రేమగా పుస్తకాలు అత్త ఒళ్ళో పెట్టింది.

అత్త ఒక్కొక్క కాగితం చింపింది. ప్రతి కాగితం మీదా రెండేసి సున్నుండలు పెట్టేముందు దాన్ని ఒక్క క్షణం అరచేతిలో పరుచుకుని చూసేది. జిడ్డు సవరిస్తోందని అందరూ అనుకున్నారు. పక్కనే కూర్చున్న నాకు ఆమె కళ్ళు ఎడమనుంచి కుడికి పరిగెత్తడం కనిపించింది. పుస్తకం కుట్లు వదిలి ముందువెనకలుగా ఊడి వచ్చింది కాబట్టి ఆ కాగితాలు ఏ వరసలో వచ్చాయో తెలియదు. ఎర్ర వేలిముద్ర ఉన్నది కూడా వచ్చింది, పొట్లమై వెళ్ళిపోయింది. "కానీయమ్మా, చీకటి పడకముందే పంచెయ్యాలి," అని ఎవరో అన్నారు. అత్త చేతులు వేగం పెంచాయి.

మర్నాడు మేము బండి ఎక్కేటప్పుడు నేను అత్త చెంగు పట్టుకుని అడిగాను. "అత్తా, ఎక్కిందా?"

"మెట్లమీంచి లేచిందే. పెట్టె చేత్తో తీసుకుంది," అంది అత్త. నాన్నకి వినపడకుండా మెల్లిగా చెప్పింది. "తరవాత కాగితం కరణంగారింటికి వెళ్ళిపోయింది."

ఇంటికొచ్చి చెబితే మామ్మ ఎవరినీ తిట్టలేదు. "సారె పంచుతారు కదే. నా పెళ్ళప్పుడూ పంచారు, దాని అక్కకీ పంచారు. నాకెందుకు తోచలేదే," అని అదే మాట పదిసార్లు అనుకుంది. ఆ తరవాత మధ్యాహ్నాలు వసారాలో పప్పు ఏరుతున్నప్పుడు ఎవరినీ కథ చదవమనలేదు. నేను చదువుతానంటే, "నీకు పాఠాలు లేవేంటి?" అనేది.

అత్త మొదటి కాన్పుకి వచ్చినప్పుడు నాన్న భోషాణం తీసి చూపించాడు. అత్త మూత మీద చెయ్యి వేసి, "ఎందుకులే అన్నయ్యా, మళ్ళీ సగంలో వదలాలి," అంది. అట్ట వెనకాల పెన్సిలుతో తేదీ వేసే అలవాటు అక్కడ ఆగిపోయింది. ఆ అలవాటు నేను తీసుకున్నాను.

కానీ ఒక కొత్త అలవాటు వచ్చింది అత్తకి. చేతికి ఏ పొట్లం వచ్చినా, జీలకర్ర గానీ పకోడీలు గానీ గుడి ప్రసాదం గానీ, లోపలున్నది పక్కన పెట్టి ముందు కాగితం విప్పి రెండువైపులా చదివేది. చదివి, "ఇది బాగానే ఉందే, ముందేం జరిగిందో," అనేది. లేకపోతే, "ఈ మనిషికి అంత కోపం ఎందుకో," అనేది. వాళ్ళింట్లో అందరికీ అది వేళాకోళం. "మా అమ్మకి పకోడీలు వద్దు, పొట్లం ఇవ్వండి చాలు," అనేవారు పిల్లలు. అత్త కూడా నవ్వేది. ఆ ఊళ్ళో అరవై ఏళ్ళపాటు అత్త చదివిన చదువంతా అదే. కొట్టువాడు ఏ కాగితం చింపితే ఆ కాగితం.

లాంచీ నవల కోసం నేను చాలాచోట్ల వెతికాను. మా పుస్తకం పేజీలు నాన్న చింపిన పత్రికలోవి, ఆ పత్రికే ఇప్పుడు లేదు. రాజమండ్రిలో పాత పుస్తకాలమ్మే చోట్లన్నీ తిరిగాను. రాసినావిడ పేరు కూడా నాకు సరిగా గుర్తులేదు, తారీఖులు ఇంత గుర్తుండే నాకు.

అత్త సంవత్సరీకం మొన్ననే అయింది. తను పోయేముందు మాఘంలో ఆఖరిసారి చూడ్డానికి వెళ్ళాను. శుక్లాలు తీయించుకున్నాక చూపు బాగానే వచ్చింది. పుస్తకాలు పట్టుకెళితే కిటికీ గట్టుమీద పెట్టించింది, తియ్యలేదు. మా ఊరి మిఠాయి కొట్లో సున్నుండలు కొని తీసుకెళ్ళాను. ఇప్పుడు కాగితం పొట్లాలు ఎవరు కడుతున్నారు? పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవర్లో వేసి, మూతి వేడిచేసి అంటించి ఇచ్చారు. అత్త మంచం మీద కూర్చుని ఆ కవరు కత్తిరించి, సున్నుండలు పళ్ళెంలోకి తీసి పక్కకి జరిపింది. ఖాళీ కవరుని అరచేత్తో నునుపుగా పరిచి, ఒకవైపు చూసింది. తిప్పి రెండోవైపు చూసింది. వెలుతురు కోసం కిటికీ వైపు కూడా పట్టి చూసింది. దాన్లోంచి కిటికీ గట్టుమీది పుస్తకాలు కనిపించాయి.