ఆఫ్రికా పిక్క, మా తోట

ఇది మూడు ఖండాల మహాగాథ. ఇందులో సముద్రాలు దాటే ఓడలున్నాయి, దేశాలకే అప్పులిచ్చే పెద్ద బ్యాంకుంది, గొడ్డలి పట్టిన తండ్రి ఉన్నాడు. ఇలా రాసుకుని చదివితే నాకే నవ్వొచ్చింది. ఉన్నది ఉద్దానంలో మా రెండెకరాల జీడితోట. గొడ్డలి కూడా పక్కింటివాళ్ళది.

నేను టెక్కలిలో డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఏడు జీడిపిక్కల ధర పడిపోయింది. ఎందుకో ఊళ్ళో ఎవరికీ తెలీదు. పలాసలో జీడి ఫ్యాక్టరీ గుమస్తాగా చేసే మా అక్క మొగుడు ఓ ఆదివారం జేబునిండా పిక్కలు పోసుకొచ్చాడు.

"ఆఫ్రికా పిక్క, మావా. ఓడల మీదొచ్చి దిగతంది."

"ఆళ్ళ పిక్క ఆళ్ళు కొట్టుకోక మనకెందుకు పంపుతన్నారు?" అన్నాడు నాన్న.

"ఆళ్ళ దేశాలకి అప్పిచ్చిన బేంకోళ్ళు సెప్పారంట, పప్పు తీయడం మానీసి పిక్కే అమ్ముకోండని."

ఎక్కడో ఎవరో సలహా ఇస్తే మా తోటలో ధర పడడం నాకు భలే వింతగా తోచింది. మా ఎకనామిక్స్ లెక్చరర్‌ని అడిగాను. సిలబస్‌లో లేదన్నారు.

నాన్న ఆర్థికశాస్త్రం జోలికి పోలేదు. "ఎంతొచ్చినా మన పిక్క రుచి రాదు. కళ్ళు మూసుకుని సెప్తాను" అన్నాడు. అమ్మ పెరట్లో జీడాకు మంటేసి, రెండు రకాలూ కాల్చి, కొట్టి, వేరువేరు పళ్ళేల్లో పెట్టింది. నాన్న నిజంగానే కళ్ళు మూసుకుని, నిదానంగా నమిలి, "ఇదీ... మన బావి కాడ సెట్టుది" అన్నాడు.

చెట్టుతో సహా చెప్పాడు. అది ఆఫ్రికాది.

బావ అల్లుడు కాబట్టి నవ్వలేదు. అతని వంతు కూడా నేనే నవ్వాను.

మర్నాడు నాన్న గొడ్డలి అడిగి తెచ్చి గోడకి ఆనించాడు. తోట కొట్టేసి సరుగుడు వేస్తాడట, కాగితం మిల్లుకి.

"మరి పొయ్యిలోకి ఆకు ఎవుడిత్తాడు? ఆ బేంకోడు ఓడలో పంపుతాడేటి?" అంది అమ్మ. ఏళ్ళ తరబడి ఆ తోటలో రాలిన ఆకు ఊడ్చుకొచ్చి, దాంతోనే మాకు వంట చేస్తోంది మరి. నాన్న కలప వ్యాపారికి కబురు పెట్టాడు. వారం రోజులు అమ్మ ఆకు ఊడుస్తూ అదే మాట అంది.

కలప వ్యాపారి వచ్చాడు. చెట్లన్నీ తట్టి చూశాడు, తలూపాడు, వెనక్కి నడిచి దారి కొలిచాడు, మళ్ళీ రాలేదు.

తోట ఇప్పటికీ ఉంది. అమ్మ పంతం నెగ్గిందంటుంది అక్క. మావ మనసు మారిందంటాడు బావ.

మా తోట దారిలో ఉన్న కల్వర్టు మీద కలప లారీ పట్టదు.