మొండయ్య పాతిన డబ్బా రింగులు

మొండయ్యకు కోపం రావడం అరుదు. వచ్చిందంటే మాత్రం అద్దెకు దిగినట్టు ఉండిపోతుంది.

సౌదీలో హఫర్ అల్ బాతిన్ ఊరి అవతల మా క్యాంపులో ఆయన ప్లంబరు, మెట్‌పల్లి వైపు మనిషి. ఒకనాడు భార్య ముత్యవ్వ ఫోన్లో కడిగి పారేస్తుంటే, ఈయన చెవులు పట్టుకుని "తప్పయింది ముత్యవ్వా, తప్పయింది" అని బతిమాలుకున్నాడు. అదే గదిలో ఉండే ఎలక్ట్రీషియన్ లక్ష్మణ్ దుప్పటి కింద నుంచి దాన్ని రికార్డు చేసి, మెస్సులో అందరూ భోంచేస్తుండగా స్పీకరులో వినిపించాడు. తెలుగు ముక్క రాని బంగ్లాదేశీ వంటవాడు కూడా మర్నాటి నుంచి "తప్పయింది ముత్యవ్వా" అంటూనే ఈయన పళ్ళెంలో పప్పు పోసేవాడు.

లక్ష్మణ్‌కు ఒక పిచ్చి ఉంది. క్యాంపు వెనక పాడుబడిన గోల్ఫ్ మైదానం ఉంది. ఒక్క గడ్డిపరక ఉండదు. ఇసుక మీద నూనె పోసి, రోలరుతో తొక్కించి, ఒకప్పుడు విదేశీ ఇంజనీర్లు ఆడుకునేవారట. బంతి ఆగిన చోట గుర్తుకు నాణెం పెట్టి మరిచిపోయేవారని లక్ష్మణ్ ఎక్కడో విన్నాడు. పాత సామాన్ల బజారులో లోహాలు పట్టే మిషను కొనుక్కుని, ప్రతి శుక్రవారం పొద్దున్నే ఇసుక మీద తిప్పేవాడు. దొరికిన పాత హలాలా బిళ్ళలను, అంటే అక్కడి పైసలను, హార్లిక్స్ సీసాలో వేసి, రాజుగారి ఖజానాలాగా మాకు చూపించేవాడు.

మొండయ్య కూల్‌డ్రింక్ డబ్బాల రింగులు ఏరడం మొదలుపెట్టాడు. గురువారం డ్యూటీ దిగాక మైదానానికి పోయి, నాట్లేసినట్టు వంగి ఒక్కొక్కటే పాతి వచ్చేవాడు. మిషనుకు రింగయినా రూపాయైనా ఒకటే కూత. మర్నాడు లక్ష్మణ్ ఎండలో తవ్వుకుంటుంటే, ఈయన నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని చాయ్ తాగేవాడు. చాయ్ అంత తృప్తిగా తాగే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఒక గురువారం అలాగే పాతి వచ్చి స్నానానికి వెళ్ళినవాడు, లుంగీ పట్టుకుని తెల్లబోయి బయటికొచ్చాడు. పండక్కి మార్చుకోవాల్సిన మొలతాడు ఇక్కడ దొరక్క, పైపుల పని కోసం తెచ్చిన నైలాన్ దారం కట్టుకున్నాడాయన. వంగి లేస్తుంటే నున్నటి ముడి జారింది. దారం ప్యాంటులోనే ఉంది. దానికున్న వెండి రూపాయి లేదు. అది ముత్యవ్వ తల్లి మెడలోది. ఈయన సౌదీకి బయల్దేరుతుంటే ముత్యవ్వే తన చేత్తో కట్టింది. సెలవు మీద ఇంటికి పోతే ఆమె మొదట చూసేది దాన్నే. ఆ సెలవు పై వారమే.

తెల్లారగానే పోయి చేతులతో ఇసుక దేవులాడాడు. దొరకలేదు. మిషను లేనిదే పని కాదు. రింగుల సంగతి చెప్పనిదే తను అక్కడ ఏం చేస్తున్నాడో చెప్పలేడు. లక్ష్మణ్ ముందు నిలబడి అన్నీ చెప్పేశాడు.

లక్ష్మణ్ కోప్పడలేదు. నాకు భయమేసింది అందుకే.

"నడువు బావా. నేను మిషను తిప్పుత, కూసినకాడ నువ్వు తవ్వు. ముందుగాల పోయి బకెట్ పట్కరా."

కూసిన ప్రతిచోటా మొండయ్య తవ్వాడు. రింగు. మళ్ళీ రింగు. నేను గొడుగు పట్టుకుని వెంట నడిచాను, సాయానికని చెప్పి. ఎండ నెత్తి మీదికొచ్చేసరికి బకెట్ నిండింది, ఆయన చొక్కా మీద ఉప్పు తేలింది.

"ఒక్కసారి తప్పయింది లక్ష్మణా అను, కూసుందాం," అన్నాడు లక్ష్మణ్.

"సచ్చినా అన."

"అయితే తవ్వు."

ఆఖరి కూతకూ రింగే వచ్చింది. మొండయ్య ఇసుకలో కూలబడి ముఖం కప్పుకున్నాడు. అప్పుడు లక్ష్మణ్ జేబులోంచి వెండి రూపాయి తీసి ఆయన ఒళ్ళో వేశాడు.

"నువ్వు బకెట్‌కు పోయినప్పుడే దొర్కింది బావా. రింగులు పాతినోనివి, తియ్యద్దా మరి?"

మొండయ్య రూపాయిని కళ్ళకద్దుకున్నాడు. సాయంత్రం లక్ష్మణ్ తన పెట్టెలోంచి కొత్త మొలతాడు తీసిస్తే, అదీ తీసుకుని రూపాయి కట్టుకున్నాడు. రింగుల బకెట్ మాత్రం ఆయన మంచం కిందికి చేరింది. ఇంకా ఎందుకు, పారెయ్యరాదా అన్నాను.

"వచ్చే నెల వాడు గూడ ఊరికి పోతుండు. ఏర్‌పోర్టుల పెట్టెలు మిషన్ల పెడ్తరు గద," అన్నాడు మెల్లగా.

లక్ష్మణ్ స్నానానికి వెళ్ళగానే, అతని సూట్‌కేసు లోపలి గుడ్డకు కుట్టు ఎక్కడ వదులుగా ఉందోనని వేలితో తడిమి చూశాడు.