ఇంగువ తాత పెద్దలు

ముద్ద ఇంగువ వాసన ఏ వంటింట్లోంచి తగిలినా, కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన మా పెంకుటింటి అరుగూ, దాని మీద గోనెసంచి దించుకుంటున్న ఇంగువ తాతా కళ్ల ముందుకొస్తారు. తొంభైల మొదట్లో మూడేళ్లు, వానలు వెనకబట్టి పెద్దల అమావాస్య దగ్గరపడే రోజుల్లో, ఇంగువా అక్రోట్లూ అమ్ముకుంటూ వచ్చేవాడు. ఆఫ్ఘనిస్తాన్ కొండల మనిషి. నేల మీద కూర్చోలేడు. వాళ్ల వైపు అందరూ పీటలెక్కే కూర్చుంటారట. పోర్టులో వడ్రంగం చేసే మా నాన్న సరుకు పెట్టెల చెక్కతో ఆయనకొక ఎత్తుపీట చేసిచ్చాడు. పీటెక్కిన పెళ్లికొడుకని మా నాయనమ్మ ఆటపట్టించేది.

దాని మీద కూర్చుని, సగం హిందీ సగం తెలుగులో, తన నాయనమ్మ చిన్నతనం చెప్పేవాడు. అప్పటికి వాళ్లు ముస్లింలు కారు. అన్నిటినీ చేసిన దేవుడు ఇమ్రా, యుద్ధానికి గీష్, పాడికీ పంటకీ దీసాని అనే తల్లి. వాళ్లకి మేకల్ని బలిచ్చేవారు. చనిపోయిన పెద్దకి ఏడాది తిరిగాక చెక్కబొమ్మ నిలిపేవారు. బతికుండగా ఊరికి ఎన్ని విందులు పెట్టాడో చూసి, ఆ బొమ్మని కుర్చీలో కూర్చోబెట్టాలా, గుర్రమెక్కించాలా అన్నది తేల్చేవారు. కాబూల్ రాజు సైన్యం వచ్చి గుళ్లనీ బొమ్మల్నీ తగలబెట్టింది, అందరి మతమూ మార్చింది. ఆ సీమకి నూరిస్తాన్, అంటే వెలుగు దేశం, అని పేరు పడింది. ఆ మంటల్ని వాళ్ల నాయనమ్మ కళ్లారా చూసింది. వయసులు కలిపి చూసుకుంటే, ఆయన మాకు చెప్పేనాటికి అది జరిగి వందేళ్లు కూడా కాలేదు.

మా నాయనమ్మకి ఇందులో ఒక్కటే మనసుకి పట్టింది: ఆ పెద్దలకి పెట్టేవాళ్లు లేకుండా పోయారని. మూడో ఏడు నాన్న చేత కుర్చీలో కూర్చున్న పెద్దాయన బొమ్మ చెక్కించింది. ఎత్తు మూరన్నర, కుర్చీ వెనక రెండు కొమ్ములు. ఇంగువ తాతని అడిగి ఆ కొలతలు తెచ్చిచ్చింది నేనే. అమావాస్యనాడు మా పెద్దల ఆకు పక్కన ఆ బొమ్మని పెట్టి, బొట్టు పెట్టి, గారెలూ బూరెలూ వడ్డించి, ఆయన్ని లోపలికి పిలిచింది.

"మీ పెద్దాయనే బాబూ. ఎన్నేళ్లనుంచి పస్తున్నాడో ఏటో. నీ సేత్తో ఎట్టు."

ఆయన కూర్చోలేదు. కుర్చీ కొమ్ముల్ని వేలితో నిమిరాడు.

"అమ్మా, నాకు దేవుడు ఒక్కడే. మా నాయనమ్మ ఏడ్చింది, అది చెప్పాను. పూజ చెయ్యమని చెప్పలేదు."

గుమ్మం దాకా వెళ్లి, ఆగాడు. తమ ఇంట్లో కాలకుండా మిగిలింది ఇదొక్కటేనంటూ, కళ్లు మూసుకుని, తన తాతముత్తాతల పేర్లు వరసగా చెప్పాడు. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. సంచి భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. మరుసటి ఏడు రాలేదు, ఆ పైనా రాలేదు.

"నాను తప్పు సేసీసినానేటే?" అని నాయనమ్మ నన్నే అడిగేది. కొలతలిచ్చినదాన్ని నేనే. తను పోయేదాకా ప్రతి పెద్దల అమావాస్యకీ ఒక ఆకు ఎక్కువ వేసింది, బొమ్మ లేకుండా.

బొమ్మని చెద తినేసింది. ఇల్లున్నచోట నాలుగంతస్తులు లేచాయి. ఆయన చెప్పిన పేర్లు ఎన్నని ఇవాళ ఎవరడిగినా తడుముకోకుండా చెబుతాను, పదమూడు. వాటిలో ఒక్క పేరూ గుర్తు లేదు.