ఒంట్లో తుప్పు

గడియారాలు బాగుచేసే ఆయన పొద్దున్నే కంటికి భూతద్దం తగిలించుకుని, ద్రాక్షగింజల సారం మాత్రను వెలుతురుకెత్తి చూసి, కళ్లు మూసుకుని మింగుతాడు. "ఒంట్లో తుప్పంతా వదిలిపోతుందే!" అంటాడు భార్యతో. ద్రాక్షపళ్లు పెడితే మాత్రం గింజలన్నీ ఏరి ఏరి ఉమ్మేస్తాడు. ఆమెకు ఒళ్లు మండిపోతుంది.

మొన్న పన్ను పీకించుకోబోతే, మందులేమైనా వాడుతున్నారా అని డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది. "ఒక్కటీ లేదండీ, ఇనుప ముక్కలా ఉన్నాను" అని ఛాతీ విరుచుకున్నాడు. పన్ను ఊడింది గానీ గంట గడిచినా నెత్తురు ఆగలేదు. డాక్టరమ్మ దూది మీద దూది కుక్కుతూ చెమటలు కక్కింది. బయట కూర్చున్న భార్య కంగారుగా లోపలికొచ్చి, సంగతి విని, ఆయన చొక్కా జేబులోంచి మాత్రల సీసా లాగి బల్లమీద టక్కున పెట్టింది.

"రోజుకి నాలుగు మింగుతారమ్మా!"

"ఇదీ ఒక కారణం కావచ్చు. అడిగితే చెప్పరేంటండీ?" అంది డాక్టరమ్మ.

"అది మందెలా అవుతుందండీ? పండేగా!" అన్నాడు దూది నిండిన నోటితో.

ఎలాగో నెత్తురు కట్టింది. ఆ సాయంత్రమే భార్య సీసా చెత్తబుట్టలో పారేసింది. మర్నాడు ఆయన బుద్ధిగా ద్రాక్షపళ్లు అడిగి పెట్టించుకున్నాడు. హమ్మయ్య అనుకుంటూ ఆమె వంటింట్లోంచి తొంగిచూసింది. భూతద్దం తగిలించుకుని, పళ్లన్నీ చీల్చి పక్కన పడేసి, ఆయన గింజలు నములుతున్నాడు.